ప్రకృతికి వెల కట్టు ప్రశ్నలు

అంగడికి రాని వస్తువునకు వెల యెంతయని తెలిసికొనుట యెట్లు? బియ్యమునకు వెల కలదు, కలపకు వెల కలదు, చేపలకు వెల కలదు. ఆ చేపలు పెరిగిన సరస్సునకు లేదు. ఆ కలప నిచ్చిన యడవిలో తెల్లవారుజామున పాడు పిట్టకును లేదు. ఈ లోపమును పూరింపవలెనని పూనుకొన్న యర్థశాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దములుగా ఒక యుపాయమును పెంచి పెద్దచేయుచున్నారు. అది వినుటకు మిక్కిలి సులభమైనది. ప్రజలనే యడుగుదురు. "ఈ సరస్సు చెడిపోకుండుటకు మీరెంత సొమ్మిత్తురు?" అని యింటింటికి పోయి ప్రశ్నించి, వచ్చిన యుత్తరములకు ఒక మధ్యమాన మేర్పరచి, దానిని దేశములోని కుటుంబముల సంఖ్యచే గుణించి, ఇదిగో సరస్సు వెల యని ప్రకటింతురు. ఆంగ్లమున దీనికి ‘కంటింజెంట్ వాల్యుయేషన్’ అని పేరు. లేని యంగడిని ఉన్నట్లుగా భావింపజేసి యడుగుదురు గావున, మనము దీనిని కల్పితవిపణి పద్ధతి యనవచ్చును.

ఈ పద్ధతినిగూర్చి యర్థశాస్త్రజ్ఞులు తమలో తాము చేసికొన్న వాదములు పెద్ద గ్రంథరాశి యైనవి. వానిలోని గణితభాగమును విమర్శించుట మాకు చేతనగు పని కాదు. కాని యీ పద్ధతి యంతయు నిలిచియున్నది ఒక ప్రశ్నమీద. ప్రశ్న యనగా నొక వాక్యము. ఏ వాక్యమున నేమి చెప్పబడినది, ఏమి చెప్పకయే యొప్పించుకొనబడినది యని పరీక్షించుట భాషాధ్యయనము చేసినవారికి పరిచితమైన పనియే. ఆ కన్నుతో నీ ప్రశ్నపత్రములను చదివినవారు మన దేశమున తక్కువ. మన యడవులకును కొండలకును వెలలు కట్టబడుచున్న యీ కాలమున నట్లు చదువుట యవసరమని మేము తలంచుచున్నాము.

1947వ సంవత్సరమున దీనికి రెండు బీజములు పడినవి. అమెరికాలో జాతీయోద్యానముల శాఖవారు తమ యుద్యానములవలన దేశమునకు కలుగు లాభము నెట్లు లెక్కింపవలెనని పండితుల నడుగగా, హెరాల్డ్ హోటెలింగ్ అను నర్థశాస్త్రవేత్త ఒక యుత్తరము వ్రాసెను. దూరమునుండి వచ్చువారు దారిఖర్చు హెచ్చుగా పెట్టుకొందురు, తక్కువ మారులు వత్తురు. ఆ తేడానుబట్టి జనులు ఉద్యానము నెంతగా నెంచుచున్నారో తెలియునని యాయన సూచన. అదే సంవత్సరమున సిరియాసీ-వాంట్రప్ అను నాచార్యుడు, నేలకోతను నివారించుటవలన సర్వజనులకు కలుగు లాభమును తెలిసికొనవలెనన్న వారినే సూటిగా అడుగవచ్చునని వ్రాసెను. మొదటివాడు జనుల కాళ్లను గమనింపుమనెను. రెండవవాడు వారి నోటిని వినుమనెను. 1963లో రాబర్ట్ డేవిస్ అను పరిశోధకుడు హార్వర్డు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన గ్రంథమునకై, మెయిన్ రాష్ట్రపు టడవులకు వేటకును విహారమునకును వచ్చువారిని నిజముగనే అడిగి చూచెను.

కాళ్లను గమనించుట చాలదా యని చదువరు లడుగవచ్చును. చాలదు. మనలో మానససరోవరమును చూచినవారెందరు? చూడబోవువారెందరు? అది యెండిపోయినదని రేపు వినినచో మన కేమియు పోలేదని యనగలమా? జాన్ క్రుటిల్లా యను నాతడు 1967లో ప్రకటించిన వ్యాసమున ఈ సంగతినే శాస్త్రమున కెక్కించెను. తాము చూడకున్నను, వాడుకొనకున్నను, ఒక యద్భుతమైన ప్రకృతిఖండము లోకమున నున్నదను నెఱుకయే మనుష్యులకు ప్రియమైనదని యాయన చెప్పెను. దానికి తరువాతివారు ఉనికివిలువ యని పేరు పెట్టిరి. నదికి ఆనకట్ట కట్టవలెనా యని వాదము వచ్చినప్పుడు విద్యుత్తు ఇన్ని యూనిట్లు, సాగునీరు ఇన్ని యెకరములకు అని ఒక ప్రక్క అంకెలు నిలుచును. మునిగిపోవు లోయ తరఫున అంకె యేమియు నుండదు. లెక్కలపుస్తకమున ఖాళీగా విడిచిన గడి సున్నగనే చెల్లును గదా! ఆ సున్నను తుడిపివేయవలెనను సదుద్దేశముతోనే యీ ప్రశ్నలు పుట్టినవి. దీనిని మఱచి యీ పండితులను ప్రకృతిని అమ్మజూచువారినిగా నిందించుట న్యాయము కాదు.

ఈ పద్ధతి లోకప్రసిద్ధమైనది ఒక ఘోరప్రమాదమువలన. 1989 మార్చి 24వ తేదీన ఎక్సాన్ వాల్డీజ్ అను తైలనౌక అలాస్కా తీరమున ప్రిన్స్ విలియం సౌండ్ అను సముద్రభాగములో బ్లై రీఫ్ అను శిలలకు గ్రుద్దుకొనెను. సుమారు నాలుగు కోట్ల లీటరుల ముడినూనె సముద్రమున కలిసెను. పక్షులే సుమారు రెండున్నర లక్షలు చచ్చినవని తరువాతి యంచనా. చేపలు పట్టువాడు తన వేట పోయినదని నష్టము కోరవచ్చును. నూనె తడిసి చచ్చిన నీటికుక్క తరఫున కోరువాడెవడు? ప్రభుత్వమే. ఎంత కోరవలెను? ఆ సంవత్సరముననే అమెరికాలో ఒక ఉన్నత న్యాయస్థానము ఒహాయో రాష్ట్రమువారి వ్యాజ్యెములో, జనులు వాడుకొనని విలువనుకూడ నష్టములో చేర్చవచ్చునని తీర్పు చెప్పియుండెను. అంతట అలాస్కా ప్రభుత్వము రిచర్డ్ కార్సన్ మొదలగు పండితులను నియమించి దేశమంతటను 1,043 మందిని ముఖాముఖిగా నడిగించెను.

ఆ ప్రశ్నపత్రము వచనరచనగా చూచినను పరిశీలింపదగినది. పటములను, ఛాయాచిత్రములను చూపుచు ప్రమాదకథను చెప్పుదురు. సముద్రము కొన్ని యేండ్లలో తనంతట తాను కోలుకొనునని దాచక చెప్పుదురు. ఏమియు చేయనిచో రానున్న పదియేండ్లలో నింకొక యిట్టి ప్రమాదము సంభవించునందురు. ప్రతి తైలనౌకకును రెండు రక్షకనౌకలు తోడుగా నడచినచో దానిని తప్పింపవచ్చునందురు. అందులకై ఒక్కమారు మాత్రము పన్ను కట్టవలసియుండును. కొందఱికి 10 డాలరులని, కొందఱికి 30 అని, మఱికొందఱికి 60, 120 అని చెప్పి, ఈ పన్నునకు అనుకూలముగా వోటు వేయుదురా ప్రతికూలముగానా యని యడుగుదురు. అడుగుటకు ముందు, వల దనుటకు గల కారణములనుగూడ వారే యేకరువు పెట్టుదురు: మీ కింతకంటె ముఖ్యమైన ఖర్చు లుండవచ్చును, ఈ తీరము మీకు పట్టకపోవచ్చును అని. పూర్వపక్షమును తన నోటనే చెప్పి యడిగిన ప్రశ్న గనుక, రచయితల నిజాయితీని మేము మెచ్చుకొనుచున్నాము. 10 డాలరులు విన్నవారిలో మూడింట రెండు వంతులమంది సరే యనిరి. 120 విన్నవారిలో మూడింట నొక వంతు మాత్రమే. నడిమి యుత్తరము కుటుంబమునకు సుమారు 31 డాలరులని తేలెను. గుణింపగా 280 కోట్ల డాలరులు. ఈ నివేదిక 1992లో వెలువడునప్పటికే, 1991 అక్టోబరులో, సంస్థయు ప్రభుత్వములును 90 కోట్ల డాలరులకు పౌరవ్యాజ్యెమును రాజీ చేసికొనియుండిరి.

అయితే యీ 280 కోట్లు దేని వెల? చచ్చిన పక్షుల వెలయా, మలినమైన తీరపు వెలయా? కాదు. ఇంకను జరుగని రెండవ ప్రమాదమును తప్పించు రక్షకనౌకల వెల. జరిగిన నష్టమును నేరుగా నడుగలేక, దాని ప్రతిబింబమును భవిష్యత్తున నిలిపి యడిగిరి. ఎందులకిట్లు తిరుగుడుదారి పట్టవలసివచ్చెనో ముందు చెప్పెదము.

ఎక్సాన్ సంస్థ యూరకుండలేదు. తన ధనముతో వేఱు పండితులచే పరిశోధనలు చేయించెను. వానిలో మిక్కిలి పేరుపొందినది డెస్వూజెస్ మొదలగువారి పక్షుల ప్రశ్న. నూనె నిలువయుండు గుంటలలో పడి వలసపక్షులు చచ్చుచున్నవి, వలలు కప్పి వానిని కాపాడుటకు మీరెంత యిత్తురని యడిగిరి. ఒక గుంపువారికి 2,000 పక్షులనిరి, రెండవ గుంపునకు 20,000 అనిరి, మూడవ గుంపునకు 2,00,000 అనిరి. సగటు ఉత్తరములు వరుసగా 80, 78, 88 డాలరులు! పక్షులు నూఱింతలైనను వెల కదలలేదు. చూచితిరా, వీరు పక్షులకు వెల చెప్పుటలేదు, తమ మనస్సునకు కలుగు తృప్తికి వెల చెప్పుచున్నారని ప్రతిపక్షము వారనిరి. టొరంటో నగరవాసులు ఒక చిన్న ప్రాంతపు సరస్సులను బాగుచేయుటకును, ఒంటారియో రాష్ట్రమందలి సరస్సులన్నిటిని బాగుచేయుటకును ఇంచుమించు ఒకే మొత్తము చెప్పిరని డేనియల్ కానెమన్ అంతకుముందే చూపియుండెను.

ఇచట ప్రశ్నవాక్యమును మఱల చదువవలెను. ఆ పక్షుల ప్రశ్నపత్రమున సంఖ్యలతోపాటు నిష్పత్తులుకూడ చెప్పబడినవి. రెండువేలు అనగా మొత్తము పక్షులలో నూటి కొకటికంటె చాల తక్కువ. ఇరువదివేలు అనగా నొకటికంటె తక్కువ. రెండులక్షలు అనగా సుమారు రెండు. సంఖ్యను విన్న చెవి వేఱు, నిష్పత్తిని విన్న చెవి వేఱు. నూటికి రెండును, నూటి కొకటికంటె తక్కువయు సామాన్యునకు ఒకేవిధముగా స్వల్పమనియే తోచును. ఉత్తరములు కదలకపోవుటలో తప్పు చెప్పినవారిదో, అడిగినవారిదో నిర్ణయించుట కష్టము. అంగడి సముదాయములలో నడచిపోవువారిని నిలిపి యడిగిన ప్రశ్న యిది యని కూడ జ్ఞప్తియందుంచుకొనవలెను.

పరీక్షలు పెట్టువారికి తెలిసిన విషయ మొకటి కలదు. ప్రశ్న యిచ్చినచో ఏదో యొకటి వ్రాయకుండ కాగితము తిరిగి యిచ్చు బాలుడు అరుదు. తెలియదని వ్రాయుట తప్పని వానికి చిన్ననాటనే నేర్పియున్నాము. పెద్దవారును అంతే. మన గ్రామములలో నైనచో నింకొక చిక్కు. చేత కాగితము పట్టుకొని వచ్చి, ఈ చెరువునకు నీ వెంత యిత్తువని యడుగువాడు కొత్త పన్ను వేయుటకో, ఉన్న రేషనుకార్డు తీసివేయుటకో వచ్చినాడని గృహస్థు అనుమానించును. అందుచే నుత్తరము చెరువునుగూర్చి యుండదు, వచ్చినవానిని గూర్చి యుండును.

1993 జనవరిలో కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో అను నోబెల్ బహుమానగ్రహీతల యాధ్వర్యమున నొక సంఘము అమెరికా ప్రభుత్వమునకు తన యభిప్రాయము తెలిపెను. ముఖాముఖిగా నడుగవలెను, వోటురూపమున నడుగవలెను, ఇచ్చు సొమ్ము తమ యింటిఖర్చులనుండియే పోవునని గుర్తుచేయవలెను మొదలైన నియమములను పెట్టి, అవి పాటించిన యంకె న్యాయవిచారణకు ఆరంభస్థానముగా నుండదగునని చెప్పెను. వాద మంతటితో నాగలేదు. ఏ యంకెయు లేకుండుటకంటె ఏదో యొక యంకె యుండుట మేలా యని 1994లో డైమండ్, హాస్మన్ అనువారు ప్రశ్నించిరి. ఆ హాస్మనే 2012లో ఈ పద్ధతి యిక బాగుపడదని తేల్చివేసెను. అయినను 2010 నాటి మెక్సికో సింధుశాఖ తైలప్రమాదమునకు ఇదే పద్ధతిని 1,720 కోట్ల డాలరుల విలువను కట్టి 2017లో ప్రకటించిరి. ఈ వాదప్రతివాదము లన్నియు అంకె నిజమైనదా కాదా యనుదానిమీదనే నడచినవి. మాకు తోచిన దోష మంతకంటె లోతైనది, ప్రశ్నయొక్క క్రియాపదముననే యున్నది.

‘మీరెంత యిత్తురు?’ అని యడుగుటకు బదులు ‘మీకెంత యిచ్చినచో ఒప్పుకొందురు?’ అని యడుగవచ్చును గదా! రెండును ఒకే సరస్సునుగూర్చినవే. కాని యుత్తరములు ఒకటి కావు. 1974లో హామక్, బ్రౌన్ అనువారు నీటిపక్షుల వేటగాండ్ర నడిగినప్పుడు, తమ వేటహక్కును నిలుపుకొనుటకు ఒక ఋతువునకు సగటున 247 డాలరులిత్తుమనిరి. అదే హక్కును విడుచుటకు 1,044 డాలరులు కావలెననిరి. నాలుగింతలకు మించిన తేడా! ఇత్తువా యని యడిగినప్పుడు ఉత్తరము చెప్పువాని సంచి ఎంత లోతో యంతవఱకే చేయి పోవును. విడుతువా యని యడిగినప్పుడు ఆ హద్దు లేదు. ఏ మొత్తమునకైనను విడువ ననుటకుకూడ వీలుండును. ఆరో సోలోల సంఘము ‘ఇత్తురా’ యని యడుగుటయే మేలని చెప్పినది, ఏలయన అది తక్కువ యంకెను ఇచ్చును, న్యాయస్థానమున నిలుచును. లౌక్యమునకు అది సరియే. కాని వ్యాకరణము చూడుడు. కొనువానిని ఇత్తువా యని యడుగుదుము. సొంతదారుని విడుతువా యని యడుగుదుము. సముద్రము జనులందఱిది. దానిని మలినము చేసినవాడు ఇంకొకడు. అట్లుండగా, ఇది చెడకుండుటకు మీరెంత యిత్తురని జనులనే యడుగుటలో, సముద్రము చెడగొట్టువానిది, మీరు దానిని అతనినుండి కొనుక్కొనుడని ముందుగనే ఒప్పించినట్లయినది. నష్టమును నేరుగా నడుగలేక రక్షకనౌకల కథ నల్లవలసిన యక్కఱయు నిచటనే పుట్టినది. చేసిన పాపమునకు మీరెంత యిత్తురని యెవరిని యడుగగలము?

దీనిని గ్రహించి ఎదురుతిరుగు జనులు లేకపోలేదు. ప్రతి పరిశోధనలోను కొందఱు సున్న యని చెప్పుదురు. ఏల యని యడిగినచో, చెడగొట్టినవాడే యీయవలెను గాని నే నెందుల కిత్తుననియో, ఇది డబ్బుతో కొలువదగినది కాదనియో అందురు. ఇట్టివారి యుత్తరములను ‘నిరసన యుత్తరము’లని వేఱుచేసి లెక్కనుండి తీసివేయుట ఈ శాస్త్రమున సామాన్యాచారము. కోటిరూపాయలని హద్దుమీఱి చెప్పినవానినికూడ అట్లే కొట్టివేయుదురు. ప్రశ్నను సరిగా అర్థముచేసికొని, దానిలోని యన్యాయమును పట్టుకొన్నవా డెవడో వాడే గణనకు అనర్హుడగుచున్నాడు! మార్క్ సాగాఫ్ అను తత్త్వవేత్త 1988 నాటి తన గ్రంథమున, మనుష్యుడు అంగడిలో వినియోగదారుడు, సభలో పౌరుడు, పౌరు నడుగవలసిన ప్రశ్నను వినియోగదారు నడుగరాదని వాదించెను. నిరసన తెలిపినవాడు పౌరుడుగా మాటలాడెను. లెక్కవ్రాయువానికి వినియోగదారుడే కావలసియుండెను.

మహాభారతమున ఆనుశాసనిక పర్వమందలి చ్యవనమహర్షి కథ యిచట స్మరింపదగినది. గంగాయమునల సంగమమున నీటిలో పండ్రెండేండ్లు తపస్సు చేయుచున్న యా మహర్షి, జాలరుల వలలో చేపలతోపాటు చిక్కెను. ఇన్నినాళ్లు తనతో కలిసి యున్న మీనములను విడిచి పోనని, చావైనను అమ్మకమైనను వానితోనే యని పట్టుపట్టెను. నహుషమహారాజు వచ్చి జాలరులకు వేయి యిత్తుననెను. అది నాకు తగిన వెల కాదనెను ముని. లక్ష యనెను, కోటి యనెను, అర్ధరాజ్య మనెను, సమస్తరాజ్య మనెను. దేనికిని ముని ఒప్పుకొనలేదు. చివరకు మఱియొక ముని వచ్చి గోవును వెలగా నిమ్మని చెప్పగా చ్యవనుడు లేచెను. బ్రాహ్మణునికిని గోవునకును వెల లేదు గనుక రెండును సమమని యక్కడ చెప్పిన కారణము. అందలి జాత్యభిమానమును మేము సమర్థింపము. జాలరికిని వెల లేదనుటయే నేటి ధర్మము. కాని కథలోని తర్కము చక్కనిది. సంఖ్య నెంత పెంచినను వెలలేనిదానికి చేరదు. వెలలేనిదాని కెదుట వెలలేనిదే నిలువవలెను. పెంచుకొనుచు పోయిన రాజు ఒక్కమారైనను తన ప్రశ్నను మార్చుకొనలేదని గమనింపవలెను. ‘అమూల్యము’ అను మాటకు మన భాషలో వెల కట్టరానంత గొప్పదని యర్థము. లెక్కలపుస్తకమున వెల లేనిది యనిన విలువ లేనిది యని యర్థము. ఈ రెండర్థముల నడుమనే వ్యవహారమంతయు నలుగుచున్నది.

మఱి అంకెలే వలదందుమా? అట్లనము. దండము వేఱు, వెల వేఱు అని ధర్మశాస్త్ర మెఱిగినవారికి చెప్పనక్కఱలేదు. తప్పు జరిగిన తరువాత తప్పుచేసినవానిచే కట్టించునది దండము. అది కట్టినంతమాత్రమున ఆ పని చేయు హక్కు వానికి రాదు. పని చేయుటకు ముందు కట్టి, చేయుటకు హక్కు పొందునది వెల. అలాస్కా న్యాయవాదుల చేతిలో 280 కోట్లను నంకె దండమునకు ఆధారము. అది తక్కువదైనను, తప్పుడుదారిని వచ్చినదైనను సున్నకంటె మేలు. అదే ప్రమాదమున నష్టపడిన జాలరులకును స్థానికులకును జ్యూరీ 1994లో విధించిన 500 కోట్ల డాలరుల దండమును, 2008లో అచటి సుప్రీముకోర్టు 50 కోట్ల 75 లక్షలకు తగ్గించినదని తలచుకొన్నచో, జనుల తరఫున పెద్దయంకె యుండుట యెంత యవసరమో తెలియగలదు. ఆ యంకెయే ముందుగా అచ్చైన ధరలపట్టిక యైనప్పుడు మా భయము మొదలగుచున్నది.

మన దేశమున నిట్టి పట్టిక యున్నది. అడవిభూమిని గనులకో, ఆనకట్టలకో తీసికొనువారు దాని ‘నికర ప్రస్తుత విలువ’ను చెల్లింపవలెనని గోదావర్మన్ వ్యాజ్యెములో సుప్రీముకోర్టు ఆదేశించినది. 2008 మార్చిలో హెక్టారుకు 4 లక్షల 38 వేల రూపాయలు మొదలు 10 లక్షల 43 వేలవఱకు రేట్లు నిర్ణయింపబడినవి. 2022లో వానిని సుమారు 9 లక్షల 57 వేలు మొదలు 15 లక్షల 95 వేలవఱకు పెంచిరి. వన్యప్రాణి యభయారణ్యమైనచో నైదింతలు, జాతీయోద్యానమైనచో పదింతలు అని 2008 నాటి యుత్తరువులో నున్నది. ఈ రేట్లు జనులను ప్రశ్నించి తెచ్చినవి కావు. కలప, వంటచెఱకు, పశుగ్రాసము, అడవి యందలి యితర ఫలసాయము, నీటి నేల రక్షణ మొదలగువాని లెక్కలనుండి తీసినవి. ఊరక పోవుచుండిన యడవికి ఈమాత్రమైనను రాబట్టుట మేలని వీనిని కోరినవారి యుద్దేశము, దానిని కాదనము. కాని చెల్లించినవానికి అడవి చేతికి వచ్చును. వాడు అపరాధి కాడు, ఖాతాదారుడు. ప్రశ్నించి కట్టిన వెలలును మన దేశమున లేకపోలేదు. బొంబాయి నగరపు సరిహద్దున నున్న బోరివలి జాతీయోద్యానమును కాపాడుటకు అచటి కుటుంబములు నెలకు ఏడున్నర రూపాయ లిత్తుమన్నవని 1997లో ఒక పరిశోధన ప్రకటింపబడినది. ఆ నగరమున గజముభూమికి పలుకు ధర నెఱిగినవా డెవడైనను ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నిలిపిన నేమగునో యూహించుకొనగలడు.

మన కొల్లేటి సంగతినే చూతము. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ బుడమేరు, తమ్మిలేరు మొదలగు నేఱుల వరదను తనలో దాచుకొని ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు పంపు నీ సరస్సు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్సర్ పట్టికలో చేరినది. 2006లో అందులోని అక్రమపు చేపలచెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినది. ఇప్పుడు మన ప్రశ్నపత్రమును తీసికొని పోయినచో ఎవరి నడుగుదుము? తాటిదోనెపై వల వేసికొను లంకగ్రామపు జాలరిని యడిగితిమేని ఇరువది రూపాయలనును. వానియొద్ద నున్నది అదియే. చెరువుల యజమాని లక్ష లనును. సరస్సు నిలుచుటకు కాదు, చెరువులు నిలుచుటకు. వరద వచ్చినప్పుడు మునుగు పైగ్రామములవారిని ఎండకాలమున అడిగినచో ఒక యుత్తరము, వానకాలమున అడిగినచో మఱియొక యుత్తరము. శీతకాలమున ఆటపాక వచ్చు గూడబాతులను ఎవరును అడుగరు. వీని నన్నింటిని కూడి సగటు తీసినచో వచ్చునది కొల్లేటి విలువ కాదు, మన సంచుల వైషమ్యము.

వేఱు ప్రశ్న యడుగవచ్చునని చూపిన సందర్భము మన పొరుగుననే జరిగినది. ఒరిస్సాలోని రాయగడ, కలహండి జిల్లాల నడుమ నున్న నియమగిరి కొండపై బాక్సైటు త్రవ్వవలెనని ఒక సంస్థ కోరగా, 2013 ఏప్రిల్ 18వ తేదీన సుప్రీముకోర్టు ఆ విషయమును గ్రామసభలకు విడిచినది. అక్కడి డోంగ్రియా కొందులు మాటలాడు కువి మన తెలుగునకు సోదరభాష. ఆ కొండ వారికి నియమరాజను దేవుని యిల్లు. ఆ యేట జూలై, ఆగస్టు మాసములలో పండ్రెండు గ్రామసభలు జరిగినవి. కొండను కాపాడుటకు మీరెంత యిత్తురని వారి నెవరును అడుగలేదు. అడిగియుండినచో వారి యంకె మిక్కిలి చిన్నదై యుండెడిది. త్రవ్వకమునకు ఒప్పుదురా యని యడిగిరి. పండ్రెండు సభలును ఒప్పమనినవి. మఱుసటి సంవత్సరము జనవరిలో కేంద్రప్రభుత్వమును అనుమతి నిరాకరించెను. వారి యుత్తరములను నిరసన యుత్తరములని వేఱుచేసి తీసివేసియుండినచో, లెక్కకు ఒక్కటియు మిగిలియుండెడిది కాదు.

అన్ని చోట్లను గ్రామసభయే చాలునని మా వాదము కాదు. సముద్రమునకు గ్రామసభ లేదు, గాలికిని లేదు. అచట ప్రశ్నపత్రములు ఉండక తప్పదు. ఉండునప్పుడు రెండు సంస్కారములు జరుగవలెనని కోరుచున్నాము. ఎంత యిత్తురని యడిగిన ప్రతి పత్రమునను, ఎంత యిచ్చినను విడువరా యనుదానినికూడ అడుగవలెను. వెల చెప్పుటకు నిరాకరించినవారు నూటి కెందఱో, వారు చెప్పిన కారణము లేవో, ఆ సంఖ్యను నివేదిక చివర అనుబంధమున చిన్నయక్షరములలో కాక, మొదటి పుటలో, కట్టిన వెల ప్రక్కనే, అంత పెద్దయక్షరములతోనే అచ్చువేయవలెను.